ఇండక్షన్ స్టవ్ ఆగిపోతే లోపం ఎక్కడుందో కనిపెట్టి బాగుచేసే పద్ధతి

తిరుపతిలో అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇండక్షన్ స్టవ్వే వంటగది. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల వీధుల్లో, బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో మేడ మీది గదుల్లోకి తొంగిచూస్తే ఒక మూల బల్ల మీద అది కనిపిస్తుంది. కుటుంబాలు ఉండే ఇళ్లలోనేమో గ్యాస్ బండ అయిపోయి కొత్తది వచ్చేదాకా పాలు కాచుకోవడానికి, అన్నం వండుకోవడానికి అదే ఆధారం. అలాంటి స్టవ్ ఒక ఉదయం ‘టప్’మని చప్పుడు చేసి ఆగిపోతే, పారేసి కొత్తది కొనాలా, బాగుచేయించాలా అన్న ప్రశ్న వస్తుంది. చాలా సందర్భాల్లో అది బాగుపడుతుంది. సాధారణంగా పోయేవి రెండు మూడు భాగాలే, వాటి ఖరీదు కొత్త స్టవ్ ధరలో చిన్న వంతు. అయితే పోయిన భాగాన్ని మార్చినంత మాత్రాన స్టవ్ బాగుపడినట్టు కాదు. అది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే ఆ కొత్తదీ పోతుంది.

ఈ సంగతి నాకు నష్టపోయాక తెలిసింది. స్టవ్‌లు బాగుచేసే అంగడి పెట్టిన తొలి రోజుల్లో ఒక విద్యార్థి తెచ్చిన స్టవ్‌లో ఫ్యూజు, ఐజీబీటీ (కాయిల్‌కు వెళ్లే కరెంటును వేగంగా ఆపుతూ వదులుతూ ఉండే స్విచ్చు) రెండూ పోయి ఉన్నాయి. రెండూ మార్చి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి, గిన్నె ఉంచి ఆన్ చేశాను. కొన్ని సెకన్లు వేడెక్కింది, ఆ తర్వాత కొత్త ఐజీబీటీ పెద్ద చప్పుడుతో పగిలింది. ఇంకొకటి వేశాను, అదీ పోయింది. అప్పుడు గాని పక్కనే ఉన్న 0.3 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను విప్పి కొలవాలన్న ఆలోచన రాలేదు. కొలిస్తే మీటరు 0.19 చూపించింది. భాగాల డబ్బులు ఆ అబ్బాయి దగ్గర నేను తీసుకోలేదు. కానీ నా తొందరపాటు వల్ల అతను మూడు రోజులు బయట తినాల్సి వచ్చింది. కింద రాసిన పరీక్షల వరుసను అప్పటినుంచి నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

పని మొదలుపెట్టే ముందు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మొబైల్ చార్జరులో మన చేతికి తగిలే తక్కువ వోల్టేజి వైపుకూ గోడ కరెంటుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుగా ఉంటుంది. చాలా ఇండక్షన్ స్టవ్‌లలో అలాంటి అడ్డు ఉండదు. బటన్ల బోర్డుకు వెళ్లేది 5 వోల్టులే అయినా, ఆ 5 వోల్టుల గ్రౌండు తీగ లోపలి బ్రిడ్జి (నాలుగు డయోడుల భాగం) ద్వారా గోడ కరెంటుతో కలిసే ఉంటుంది. కాబట్టి మూత తీసిన స్టవ్‌కు ప్లగ్గు పెట్టి ఉండగా డిస్‌ప్లే బోర్డు మీద వేలు పడినా షాకు కొడుతుంది. మల్టీమీటరు వాడటం, సోల్డరింగు చేయడం అలవాటు లేనివారు, 230 వోల్టుల పని ఎన్నడూ చేయనివారు, కింద చెప్పే బయటి పరీక్షలతో ఆగి, మిగతాది తెలిసినవారికి అప్పగించాలి. వారంటీ గడువు ఇంకా ఉంటే ఎవరూ మూత తీయకూడదు.

తెరవక ముందు చూడవలసినవి

మా దగ్గరికి వచ్చే స్టవ్‌లలో కొన్నింటిలో ఏ లోపమూ ఉండదు, లోపం గిన్నెలోనో గోడ ప్లగ్గులోనో ఉంటుంది. ఫ్రిజ్జు తలుపుకు అంటించే చిన్న అయస్కాంతాన్ని గిన్నె అడుగున పెట్టి చూడండి. అది గట్టిగా అంటుకుంటేనే ఆ గిన్నె పనికివస్తుంది. సత్తు, రాగి, ఇత్తడి, మట్టి పాత్రలు ఈ స్టవ్ మీద వేడెక్కవు. స్టీలు గిన్నెల్లో కొన్నింటికి అయస్కాంతం అంటుకుంటుంది, కొన్నింటికి అంటుకోదు. అంటుకున్నా, అడుగు మరీ చిన్నదిగా ఉండే టీ గిన్నెలనూ, వాడివాడి అడుగు ఉబ్బి గాజుకు ఆనకుండా ఊగే పాత్రలనూ స్టవ్ గుర్తించకపోవచ్చు. అప్పుడది గిన్నె లేదని ఆగి ఆగి కూత పెడుతుంది.

తరువాత ప్లగ్గు. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గదుల్లో ఫ్యాను స్విచ్చుల పక్కన ఉండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు చేసింది. పెద్ద ప్లగ్గును అందులో దూర్చడానికి మధ్యలో కన్వర్టరు పెట్టడం, లేదా పలచటి తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం అద్దె గదుల్లో నేను తరచూ చూస్తాను. ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉన్నా, సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్కు పసుపు రంగుకు తిరిగినా, అక్కడి వదులు కనెక్షన్ వల్లే స్టవ్ ఆగి ఆగి పనిచేస్తుంది. నిప్పు అంటుకోవడానికి కూడా అదే దారి. స్టవ్‌ను 16 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి చూశాకే అందులో లోపం ఉందని అనుకోవాలి.

డిస్‌ప్లే మీద ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం పక్కన ఒక అంకె కనిపిస్తే అది లోపం గుర్తు. ఆ అంకెల అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరి స్టవ్‌లో గిన్నె లేదని చెప్పే గుర్తు ఇంకొకరి స్టవ్‌లో వేడిని కొలిచే థర్మిస్టర్ తెగిందని చెప్పవచ్చు. అందుచేత మీ స్టవ్‌తో వచ్చిన పుస్తకంలోని పట్టికనే నమ్మండి. వేసవి మధ్యాహ్నాల్లో ఏసీలన్నీ ఒక్కసారి నడిచే వేళ పల్లెల్లో వోల్టేజి పడిపోయి ఇలాంటి గుర్తు వస్తే, రాత్రి పది దాటాక ఒకసారి ఆన్ చేసి చూడండి. అప్పుడు సరిగా పనిచేస్తే స్టవ్‌ను విప్పే అవసరమే లేదు.

స్టవ్ అడుగున ఉన్న ఫ్యాను గాలిని కిందినుంచి లోపలికి లాగుతుంది. బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ షీటో, పాత పేపరో ఆ గాలికి పైకి లేచి రంధ్రాలను మూసేస్తుంది. పది నిమిషాలు బాగా పనిచేసి తరువాత ఆగిపోయే స్టవ్‌కు ముందు ఈ షీటు తీసి చూడాలి.

లోపల జరిగేది

పరీక్షలు అర్థం కావాలంటే ఇంత తెలిస్తే చాలు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును బ్రిడ్జి ఒకే దిశలో ప్రవహించేలా మారుస్తుంది. దాని శిఖరం సుమారు 325 వోల్టులు. ఆ కరెంటు రాగి కాయిల్‌లోకి వెళ్లి, ఐజీబీటీ అనే స్విచ్చు గుండా తిరిగి వస్తుంది. ఐజీబీటీ సెకనుకు 20 వేల నుంచి 30 వేల సార్లకు పైగా ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది కాబట్టి కాయిల్ చుట్టూ అయస్కాంత క్షేత్రం అంతే వేగంగా మారుతుంది. ఆ మార్పు గిన్నె అడుగులో కరెంటును పుట్టిస్తుంది, ఆ కరెంటుకే గిన్నె వేడెక్కుతుంది. స్విచ్చు ఆఫ్ అయిన ప్రతిసారీ కాయిల్‌లో ఉన్న శక్తి పక్కనే ఉన్న 0.27 నుంచి 0.33 మైక్రోఫారడ్ల దాకా ఉండే కెపాసిటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. ఆ క్షణంలో ఐజీబీటీ మీద వోల్టేజి దాదాపు వెయ్యి దాకా లేస్తుంది. ఐజీబీటీ మీద 20ఎన్120, 25ఎన్120, హెచ్20ఆర్1203 అని రాసి ఉండటంలో ఆ 120 అన్న అంకెలు 1200 వోల్టుల హద్దును చెబుతాయి. వెయ్యికీ 1200కూ మధ్య ఉన్న ఆ కొద్ది ఎడమే దాని ప్రాణం. ఆ ఎడాన్ని ఏది తగ్గించినా ఐజీబీటీ పోతుంది.

మూత తీశాక

ప్లగ్గు తీసి, స్టవ్‌ను మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి అడుగు స్క్రూలు విప్పండి. గాజు పలక ఉన్న పై భాగాన్ని ఒక్కసారిగా లాగితే కాయిల్ మధ్యలోని థర్మిస్టర్ సన్న తీగో, డిస్‌ప్లే రిబ్బనో తెగుతుంది. రెండు అంగుళాలు మాత్రమే లేపి, లోపలికి చూసి, కనెక్టర్లు ఊడదీసిన తరువాతే పూర్తిగా తీయాలి. తీసేముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు ఏ తీగ ఎక్కడిదన్న అయోమయం ఉండదు.

ప్లగ్గు తీసినా 5 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవరు కొనతో దాని కాళ్లు కలిపి నిప్పురవ్వ తెప్పించడం చాలామందికి అలవాటు. దానివల్ల బోర్డు మీది రాగి గీతలు కాలిపోతాయి, కంట్లో రవ్వ పడుతుంది. హోల్డరుకు రెండు తీగలు కట్టిన పాత ఫిలమెంటు బల్బును దాని కాళ్లకు కొన్ని క్షణాలు ఆనించి, ఆ తరువాత మీటరుతో కొలిచి 10 వోల్టుల కంటే తక్కువ ఉందని చూసుకున్నాకే వేలు పెట్టండి.

తరువాత ఏ పరికరమూ పట్టుకోకుండా కళ్లతో చూడాలి. చంద్రగిరి నుంచి ఒక అమ్మగారు తెచ్చిన స్టవ్ మూత తీసినప్పుడు హీట్‌సింక్ (ఐజీబీటీ వేడిని లాగే లోహపు దిమ్మె) రెక్కల మధ్య బొద్దింకలు కాపురం పెట్టి ఉన్నాయి. వాటి రెట్ట ఐజీబీటీ మధ్య కాలికీ, పక్క కాలికీ మధ్య గోధుమ రంగు పూతలా పేరుకుంది. ఆ పూత మీద నిప్పు పాకిన నల్లటి గీత గోరుతో గీకితే రాలేంత స్పష్టంగా కనిపించింది. రాత్రిపూట స్టవ్ వెచ్చగా ఉంటుంది కాబట్టి బొద్దింకలు, బల్లులు అందులోకే చేరతాయి. పొంగిన పాలు గాజు అంచు నుంచి కారి బోర్డు మీద ఎండిపోయినా ఇదే జరుగుతుంది. ఇలాంటి మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత పళ్ల బ్రష్షుతో శుభ్రం చేయకుండా కొత్త భాగం వేసి లాభం లేదు.

2021 నవంబరులో తిరుపతి వీధుల్లోకి వరద నీళ్లు వచ్చినప్పుడు నానిపోయిన స్టవ్‌లు చాలా వచ్చాయి. ఎండలో పెట్టి ఆరిందనుకుని ప్లగ్గు పెట్టినవాళ్లవి చాలావరకు కాలిపోయాయి. నీరు ఆరినా సన్నటి బురద భాగాల కింద మిగిలిపోయి తేమ తగలగానే కరెంటును పారిస్తుంది. అలా తడిసినదాన్ని విప్పి, బోర్డును శుభ్రమైన నీటితో, ఆపైన ఆల్కహాల్‌తో కడిగి, ఒకటి రెండు రోజులు నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఆ తరువాతే పరీక్షించాలి.

కరెంటు ఇవ్వకుండా మీటరుతో పరీక్ష

మొదట ఫ్యూజు. అది బాగుండి స్టవ్‌లో వెలుగు రాకపోతే లోపం చిన్న సప్లైలో ఉంటుంది. వైపర్12ఏ లాంటి చిన్న ఐసీ 18 వోల్టులు, దాని నుంచి 5 వోల్టులు తయారుచేస్తుంది. ఆ ఐసీకి ముందున్న చిన్న రెసిస్టర్ తెగడం, తల ఉబ్బిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, పోయిన ఐసీ, ఈ మూడింటిలో ఒకటి కారణం అవుతుంది. ఇది తేలిక పని.

ఫ్యూజు నల్లగా మాడి ఉంటే మాత్రం వెనక ఎక్కడో పెద్ద షార్టు ఉందని అర్థం. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి చూసే అలవాటు ఉన్నవారు దయచేసి మానుకోవాలి. ఆ తీగ కాలకపోతే బోర్డే కాలుతుంది.

ఐజీబీటీ మీద ముద్ర మీవైపు ఉండేలా చూస్తే ఎడమ కాలు గేటు, మధ్యది కలెక్టర్, కుడిది ఎమిటర్. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి ఎరుపు పిన్ను ఎమిటర్‌కు, నలుపు పిన్ను కలెక్టర్‌కు ఆనిస్తే లోపలి డయోడు వల్ల సుమారు 0.4 నుంచి 0.5 దాకా రావాలి. పిన్నులు తిప్పి పెడితే అంకె నెమ్మదిగా పెరిగి చివరికి ఏమీ చూపకూడదు. రెండు వైపులా కూత వస్తే ఐజీబీటీ పోయింది. గేటుకూ ఎమిటర్‌కూ మధ్య బోర్డు మీద ఉండగా కొన్ని వేల ఓములు రావడం సహజం, ఎందుకంటే అక్కడ ఒక రెసిస్టర్ ఉంటుంది. సున్నా వస్తే పోయినట్టే. బ్రిడ్జిలోని నాలుగు డయోడులనూ ఇలాగే ఒక్కొక్కటిగా చూడాలి. ఐజీబీటీతో పాటు బ్రిడ్జి కూడా పోయి ఉండటం అరుదేమీ కాదు.

థర్మిస్టర్ల విషయంలో తిరుపతి ఎండను లెక్కలోకి తీసుకోవాలి. కాయిల్ మధ్యలో గాజుకు ఆని ఒకటి, ఐజీబీటీ పక్కన హీట్‌సింక్ మీద ఒకటి ఉంటాయి. ఎక్కువ స్టవ్‌లలో వీటి విలువ 25 డిగ్రీల దగ్గర 100 కిలో ఓములు. వేడి పెరిగే కొద్దీ ఆ విలువ తగ్గుతుంది. మే నెలలో గది 40 డిగ్రీలు ఉన్నప్పుడు బాగున్న థర్మిస్టర్ కూడా దాదాపు 53 కిలో ఓములే చూపిస్తుంది. మొదటి వేసవిలో అది చూసి పాడైందనుకుని నేను మంచివాటిని పక్కన పడేశాను. కనెక్టర్ ఊడదీసి, రెండు థర్మిస్టర్లనూ కొలిచి, రెండూ దగ్గర దగ్గరగా ఉంటే, వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు అంకె నిలకడగా దిగుతూ ఉంటే అవి మంచివే. అంకె అసలు రాకపోయినా, తీగ కదిపినప్పుడల్లా ఎగిరిపడినా మార్చాలి.

ఐజీబీటీ ఎందుకు పోయింది

నా అనుభవంలో మొదట అనుమానించవలసింది కాయిల్ పక్కన ఉన్న కెపాసిటర్. దాన్ని ఒక కాలైనా విప్పి, కెపాసిటెన్స్ కొలిచే మీటరుతో చూడండి. ఒంటి మీద 0.33 అని ఉండి 0.3 కంటే తక్కువ చూపిస్తే మార్చేయాలి. కెపాసిటర్ విలువ తగ్గితే, కాయిల్ నుంచి వచ్చే అదే శక్తి చిన్న పాత్రలో పోసిన నీళ్లలా ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. అంటే ఐజీబీటీ మీద వోల్టేజి 1200 హద్దును దాటుతుంది. దీనికి బదులుగా 1200 వోల్టులు రాసిన, ఇండక్షన్ పని కోసం చేసిన కెపాసిటర్‌నే వేయాలి. ఫ్యాను కెపాసిటర్‌నో మరొకదాన్నో వేయకూడదు. బ్రిడ్జి తరువాతి 5 మైక్రోఫారడ్ల దాన్ని కూడా అదే చేత్తో కొలవాలి.

రెండో అనుమానం కాయిల్ చివరల నుంచి కంట్రోలు ఐసీ వైపు వెళ్లే పెద్ద విలువ రెసిస్టర్ల మీద. 330 కిలో, 470 కిలో ఓముల వంటివి వరుసగా రెండు మూడు ఉంటాయి. కాయిల్ మీద వోల్టేజి ఏ క్షణంలో దిగిందో కంట్రోలు ఐసీకి తెలిపేవి ఇవే. ఎల్లప్పుడూ ఎక్కువ వోల్టేజి మోస్తాయి కాబట్టి వీటి విలువ పెరిగిపోవడమో పూర్తిగా తెగడమో జరుగుతుంది. చూడటానికి మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి, అందుకే చాలామంది వీటిని కొలవరు. సమాచారం తప్పితే ఐసీ తప్పు క్షణంలో ఐజీబీటీని ఆన్ చేస్తుంది, ఆ భారానికి అది పగులుతుంది. కొన్ని బోర్డులలో ఇదే లోపం గిన్నె ఉన్నా ‘గిన్నె లేదు’ అన్న కూతగా కనిపిస్తుంది.

గేటు కూడా షార్టయి ఉంటే, 300కు పైగా వోల్టులు వెనక్కి పోయి గేటును నడిపే భాగాలను కొట్టి ఉంటాయి. గేటు రెసిస్టర్, 18 వోల్టుల జీనర్ డయోడు, 8050, 8550 అని రాసి ఉండే ట్రాన్సిస్టర్ల జత, ఎల్ఎం339 ఐసీ ఉంటే అది, వీటన్నింటినీ చూడాలి. వీటిలో ఒక్కటి చెడి ఉన్నా కొత్త ఐజీబీటీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండి క్షణంలో కాలిపోతుంది.

కాయిల్ తీగల చివరలను స్క్రూలతో బిగించే చోట ఇత్తడి నల్లబడి, బోర్డు గోధుమ రంగుకు మారి ఉంటే అక్కడి వదులే నిప్పురవ్వలకు కారణం. గీకి, సోల్డరు వేసి, గట్టిగా బిగించాలి. ఫ్యాను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. హీట్‌సింక్ కింద థర్మల్ పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంటే ఐజీబీటీ వేడి బయటికి పోదు.

కొత్తది వేసేటప్పుడు

పాత ఐజీబీటీ మీద ఉన్న నంబరే దొరికితే మంచిది. దొరకనప్పుడు 1200 వోల్టులు, కనీసం అన్ని ఆంపియర్లు, లోపల డయోడు ఉన్న రకం, ఈ మూడూ కలిసిన దాన్నే ఎంచుకోవాలి. డయోడు లేనివి చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, అవి ఇక్కడ పనికిరావు. మార్కెట్లో పాత నంబరు గీకి కొత్తది ముద్రించినవి కూడా తిరుగుతాయి. పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉన్నా, ముద్ర వేలితో రుద్దితే చెరిగినా, కాళ్ల మీద పాత సోల్డరు గుర్తులు ఉన్నా తీసుకోవద్దు.

పాత కాళ్లను లాగకుండా, సోల్డరు పీల్చే పంపుతో పూర్తిగా తీశాకే విప్పాలి, లేకపోతే రాగి గీత లేచిపోతుంది. హీట్‌సింక్‌కూ ఐజీబీటీకీ మధ్య పలచటి ఇన్సులేషన్ పొర ఉండి ఉంటే అదే చోట దాన్ని తిరిగి పెట్టాలి. థర్మల్ పేస్టు పలచగా రాసి, స్క్రూ బిగించిన తరువాతే కాళ్లకు సోల్డరు వేయాలి. ముందు సోల్డరు వేసి తరువాత బిగిస్తే కాళ్ల మీద ఒత్తిడి నిలిచిపోయి కొన్నాళ్లకు అతుకు పగులుతుంది.

కరెంటు ఇచ్చే క్రమం

ఇక్కడ సిరీస్ బల్బు లేకుండా ముందుకు పోకూడదు. 100 వాట్ల ఫిలమెంటు బల్బును స్టవ్ ఫేజు తీగకు వరుసలో కలపండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. లోపల షార్టు ఉంటే కరెంటంతా బల్బులో వెలుగుగా పోతుంది, కొత్త ఐజీబీటీ బతుకుతుంది. ఫిలమెంటు బల్బులు అంగళ్లలో తగ్గిపోతున్నాయి కనుక దొరికినప్పుడే రెండు కొని దాచుకోవడం మంచిది.

మొదటిసారి కాయిల్ తీగలు విప్పి పక్కన పెట్టి కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోవాలి. పూర్తి కాంతితో అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపి బ్రిడ్జినీ పెద్ద కెపాసిటర్‌నూ మళ్లీ చూడండి. బల్బు ఆరితే, ఒక చేయి వెనక్కి పెట్టుకుని మరో చేత్తో మీటరు పిన్ను ఆనిస్తూ పెద్ద కెపాసిటర్ మీద 300కు పైగా వోల్టులు, చిన్న సప్లైలో 18, 5 వోల్టులు ఉన్నాయా చూడాలి. ఐజీబీటీ గేటు మీద ఈ దశలో సున్నా ఉండాలి. గేటు మీద ఒక్క వోల్టు నిలకడగా ఉన్నా కాయిల్ కలపవద్దు. లోపం ఇంకా మిగిలే ఉంది. ఈ ఒక్క కొలత నాకు ఎన్ని ఐజీబీటీలను మిగిల్చిందో లెక్క లేదు.

అన్నీ సరిగా ఉంటే ప్లగ్గు తీసి, కెపాసిటర్‌ను ఖాళీ చేసి, కాయిల్ బిగించి, గాజు పలక దాని స్థానంలో ఉంచి మళ్లీ సిరీస్ బల్బుతోనే కరెంటు ఇవ్వండి. గిన్నె లేకుండా ఆన్ చేస్తే కూత వస్తుంది, బల్బు ఆగి ఆగి లేతగా మెరుస్తుంది. గిన్నె పెడితే బల్బు బాగా వెలగడం, స్టవ్‌కు వోల్టేజి చాలక ఆగిపోవడం సహజమే, భయపడనక్కర్లేదు. ఈ రెండూ చూసిన తరువాతే బల్బు తీసి, మూత బిగించి, నేరుగా 16 ఆంపియర్ల సాకెట్టుకు పెట్టాలి.

మిగతా చిన్న లోపాలు

బటన్లు పనిచేయకపోవడానికి సాధారణంగా వాటి కిందికి చేరిన తేమే కారణం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ. డిస్‌ప్లే బోర్డు విప్పి, ఆరబెట్టి, నొక్కితే ‘టిక్’మనని చిన్న స్విచ్చులను మార్చితే సరిపోతుంది. కూత రాకపోతే బజరు, గాలి రాకపోతే ఫ్యాను. ఫ్యాను మార్చేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టేజినే చూసి కొనండి, 18 వోల్టుల చోట 12 వోల్టులది వేస్తే కొన్నాళ్లకే పోతుంది.

గాజు పలకకు సన్నటి పగులు వచ్చినా ఆ స్టవ్‌ను వాడకూడదు. పగులులోంచి దిగిన నీళ్లు కింది కాయిల్‌ను, అక్కడినుంచి గిన్నెను పట్టుకున్న చేతిని కరెంటుతో కలపగలవు. మన ఇళ్లలో ఈ పగులుకు ముఖ్య కారణం రాగి సంగటి. గిన్నెను స్టవ్ మీదే ఉంచి తెడ్డుతో బలంగా అదిమి కెలికితే ఆ దెబ్బలన్నీ గాజు మీదే పడతాయి. సంగటి ఉడికాక గిన్నెను దించి, నేల మీద చుట్ట కుదురు మీద పెట్టి కెలకమని మా దగ్గరికి వచ్చే ప్రతి అమ్మగారికీ చెబుతాను. పగిలిన పలకను టేపుతోనో జిగురుతోనో అతికించి వాడటం ప్రమాదం, పలక మార్చాల్సిందే.

చివరి పరీక్ష నీళ్లతో చేయాలి. సుమారు 30 డిగ్రీల రెండు లీటర్ల నీళ్లను మూత పెట్టిన గిన్నెలో పోసి 1800 వాట్ల మీద ఉంచితే ఆరేడు నిమిషాల్లో మరగాలి. పది నిమిషాలు దాటితే స్టవ్ పూర్తి శక్తితో పనిచేయడం లేదు, కెపాసిటర్‌నూ థర్మిస్టర్లనూ మళ్లీ కొలవాలి. మరిగిన తరువాత అరగంట పాటు తక్కువ శక్తి మీద ఆపకుండా నడిపి, అడుగున ఫ్యాను గాలిని లాగుతోందా, కాలిన వాసన ఏమైనా ఉందా చూడండి. అన్నీ బాగుంటే చల్లారాక గాజు అంచు చుట్టూ ఊడిన చోట సిలికాన్ సన్నగా పూసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మరుసటి రోజు పాలు కాచుకోవచ్చు.